మంద్రంలో మోగిన తళుకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో 1970ల నాటి బ్రిటిష్ గ్లామ్ రాక్ బృందాల (తళుకుల వేషాలతో రాక్ సంగీతం వినిపించినవారి) గురించి, ముఖ్యంగా ఆ బృందాలలో పాట అడుగున మంద్ర స్వరాలు పలికించే బేస్ గిటార్ వాయించినవారి గురించి నేను రాసిన చిన్న వ్యాసానికి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చెన్నైలోని తెలుగువారివే. పెరంబూరు నుంచి, కోడంబాకం నుంచి, తిరువొత్తియూరు నుంచి రాసినవారున్నారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. 1972, 73 ప్రాంతంలో పెరంబూరులో మా పక్కింటివారి రేడియోలో సిలోన్ ఇంగ్లీషు కార్యక్రమం పెట్టినప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని టి. రెక్స్, స్లేడ్, స్వీట్ పాటలు వినేవాణ్ణి. తరువాత నాకే ఒక చిన్న ట్రాన్సిస్టరు వచ్చింది. మొన్న మా అబ్బాయి తన హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి ‘గెట్ ఇట్ ఆన్’ వినిపించాడు. పాట అడుగున నేనెన్నడూ ఎరుగనిదొకటి నిండుగా నడుస్తోంది. ఇది తరువాత ఎవరైనా కలిపినదా? లేక నేను యాభై ఏళ్లుగా సగం పాటనే విని సంతోషపడుతూ వచ్చానా?
— పెరంబూరు పాఠకులు

జవాబు: ఎవరూ కలపలేదండీ. మీరు విన్నది టి. రెక్స్ బృందంలోని స్టీవ్ కరీ అనే యువకుడు 1971లో వాయించిన బేస్ గిటార్. పాత టేపులను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసేటప్పుడు అడుగు స్వరాలను కొంచెం పైకి తేవచ్చునేమో కాని, లేని వాయిద్యాన్ని తెచ్చి పెట్టరు. ఆ పాట ఉన్న ‘ఎలక్ట్రిక్ వారియర్’ ఆల్బమ్‌ను నిర్మాత టోనీ విస్కాంటి ఎంత శ్రద్ధగా రికార్డు చేయించారంటే, ఈనాటి మంచి హెడ్‌ఫోన్లలో కూడా కరీ తీగ మీద వేలు ఆనించే క్షణం, వదిలే క్షణం వేర్వేరుగా తెలుస్తాయి.

ఇక మీ రెండో ప్రశ్న. మీరు సగం పాట విన్నారని నేను అనుకోవడం లేదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన తీగను మెట్ల మీద నొక్కకుండా ఉత్తగా మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మన కచేరీలతో పోల్చి చెప్పాలంటే, ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుని వెనుక మోగే తంబురా మంద్ర షడ్జమే దాదాపు 69 దగ్గర ఉంటుంది. బేస్ గిటార్ దానికి ఇంకా ఎంతో కింద నుంచి మొదలవుతుంది. అరచేతిలో ఇమిడే ట్రాన్సిస్టరు స్పీకరుకు వంద కన్నా కిందనున్న కంపనాన్ని పలికించే శక్తి లేదు. అంటే కరీ వాయించిన అసలు స్వరం మీ రేడియోలోంచి గాలిలోకి రానేలేదు.

అయినా పాట మీకు వెలితిగా అనిపించలేదు కదా. దానికి కారణం మన వినికిడిలోనే ఉంది. ఏ తీగైనా కంపించినప్పుడు మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు కంపనాలు కూడా పుడతాయి. 41తో పాటు 82, 124, 165, 206 అలా పైకి పోతుంటాయి. తంబురా మీటినప్పుడు మీటని గాంధారం దానంతట అదే వినిపించడం మనవాళ్లందరికీ తెలిసిన సంగతే. అది కూడా ఈ పై స్వరాల చలవే. చిన్న స్పీకరు వీటిలో కింది వాటిని మింగేసినా, పై వాటిని పలికిస్తుంది. వాటి మధ్య దూరం ఎప్పుడూ 41గానే ఉండడంతో, ఇవన్నీ ఏ మూల స్వరానికి పిల్లలో మన మెదడు పోల్చుకుని, వినబడని ఆ మూలాన్ని తానే నిలబెట్టుకుంటుంది. ఇది ఊహాగానం కాదు, ధ్వనిశాస్త్రంలో బాగా రుజువైన విషయం. కాబట్టి ఆ రోజుల్లో మీరు విన్న పాటకు అడుగు స్వరాన్ని మీ చెవే సమకూర్చింది. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో విన్నది కరీ సమకూర్చినది. రెండూ ఒకే స్వరం. బరువులో మాత్రమే తేడా. అది ఎముకలకు తగిలే బరువు కనుకనే మీకు కొత్తగా అనిపించింది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. అదే పాటను మొదట మీ అబ్బాయి ఫోన్‌లో, హెడ్‌ఫోన్లు తీసేసి, ఫోన్ స్పీకరులోనే పెట్టమనండి. బేస్ ఏ దారిన నడుస్తోందో కూనిరాగం తీసి చూడండి. తీయగలుగుతారు. తరువాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మీరు తీసిన రాగం సరిగ్గా అదేనో కాదో సరిచూసుకోండి. పక్కింటివారిది చెక్క పెట్టెలో పెద్ద స్పీకరున్న వాల్వు రేడియో అయితే, మీ ట్రాన్సిస్టరు కన్నా అది ఆ కింది స్వరాలకు కొంత దగ్గరగా వెళ్లి ఉంటుంది. గోడకు ఆనుకుని కూర్చున్నానని రాశారు. మంద్ర స్వరాలు గోడలో సులువుగా ప్రయాణిస్తాయి కనుక మీ వీపుకు కూడా కొంత వాటా అందే ఉంటుంది.

మీ ఉత్తరం చదివాక నాకు మరొకటి తోచింది. ఇంగ్లండులో ఈ సంగీతాన్ని జనం ముందు చూశారు, తరువాత విన్నారు. 1971లో టి. రెక్స్ గాయకుడు మార్క్ బోలన్ ‘హాట్ లవ్’ పాడడానికి కళ్ల కింద తళుకుపొడి అద్దుకుని బీబీసీ టెలివిజన్ కార్యక్రమం ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో కనబడడంతోనే గ్లామ్ రాక్ మొదలైందని చాలామంది అంటారు. మనకా, మద్రాసులో దూరదర్శన్ మొదలైందే 1975 ఆగస్టు 15న. రంగుల ప్రసారాలు రావడానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి మద్రాసు కుర్రవాళ్లు గ్లామ్ రాక్‌ను తళుకులు లేకుండా విన్నారు, చిన్న స్పీకర్ల పుణ్యమా అని బేస్ లేకుండానూ విన్నారు. కళ్లకు కనబడవలసినదాన్ని, ఒంటికి తగలవలసినదాన్ని రెంటినీ తామే పూరించుకున్నారు. నేను మీకన్నా కొంత చిన్నవాణ్ణి. 1985లో కాలిపోకముందు మూర్ మార్కెట్ బయట పేవ్‌మెంటు మీద అట్ట లేని ఒక టి. రెక్స్ రికార్డు కొన్నాను. నడుమ అతికించిన కాగితం మీద సగం అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి, ఒక పక్క నూనె మరక. పాడినవాడు ఎలా ఉంటాడో తెలియకుండానే దాన్ని రెండేళ్లు విన్నాను. ఆ గొంతుకు నేను ఊహించుకున్న మనిషి నెరిసిన గడ్డంతో, తెల్ల పంచెతో ఉండేవాడు. తరువాత ఒక పాత పత్రికలో బోలన్ ఉంగరాల జుట్టు, ఆడవాళ్ల చెప్పులు చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకిప్పటికీ గుర్తే.

ప్రశ్న: ముఖానికి రంగులు పూసుకుని, ఎత్తు మడమల బూట్లు తొడుక్కుని గెంతినవాళ్ల సంగీతం గురించి మీరంత శ్రద్ధగా రాయడం ఆశ్చర్యంగా ఉంది. వేషం తీసేస్తే అందులో మిగిలేదేమిటి?
— వేళచ్చేరి పాఠకులు, కళాశాల అధ్యాపకులు

జవాబు: వేషం వేసినవాణ్ణి తక్కువగా చూడడం తెలుగువాడికి తగదని నా అభిప్రాయం. స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద స్త్రీ పాత్రలు ధరించినప్పుడు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామాకలాపంలో సత్యభామగా జడ ముందుకు వేసుకుని నిలబడినప్పుడు, వేషం తీస్తే ఏం మిగులుతుందని మన పెద్దలు అడగలేదు. ఆ వేషంలోనే కళ ఉందని వారికి తెలుసు. గ్లామ్ గాయకుడు డేవిడ్ బోవీ కూడా ఇలాంటి సంప్రదాయం నుంచే నేర్చుకున్నారు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే జపాను కబుకి నాటకం ఆయనకు ఎంతో ఇష్టం. ఆయన రంగస్థల దుస్తులలో కొన్నిటిని జపాను కళాకారుడు కన్సాయ్ యమమోటో రూపొందించారు.

అయినా మీ ప్రశ్నను మీరడిగినట్టే తీసుకుంటాను. వేషం తీసేస్తే వాయిద్యకారులు మిగులుతారు, వారు సామాన్యులు కారు. స్లేడ్ బృందంలో బేస్ వాయించిన జిమ్ లీ చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నవారు. 1971లో ఇంగ్లండు పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిన ‘కోజ్ ఐ లవ్ యూ’లో వయొలిన్ ఆయనదే. పాడుతున్న గొంతుకు సమాధానం చెబుతున్నట్టుగా నడిచే ఆయన బేస్‌ను వింటే, ఆ వయొలిన్ చదువు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. బోవీ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ అనే పాత్ర ధరించి పాడిన కాలంలో బేస్ వాయించిన ట్రెవర్ బోల్డర్ ఇంగ్లండు తూర్పు తీరాన ఉన్న హల్ నగరం మనిషి, ట్రంపెట్ కూడా వాయించగలరు. వేదిక మీద ఆయన చెంపల మీది పొడవాటి జుట్టుకు వెండి రంగు వేసేవారు. ఫోటోలు చూసినవారికి ఆ వెండి చెంపలే గుర్తుంటాయి. కళ్లు మూసుకుని వినేవారికి మాత్రం, మిక్ రాన్సన్ గిటార్ ఎంత దూరం ఎగిరినా తిరిగి వచ్చి వాలడానికి ఆయన వేసి ఉంచిన నేల తెలుస్తుంది. 1973 జూలై 3న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో బోవీ ఇదే మా చివరి ప్రదర్శన అని వేదిక మీద ప్రకటించినప్పుడు, ఆ మాట ప్రేక్షకులతో పాటు బోల్డర్‌కు కూడా అప్పుడే తెలిసింది. మనసులో ఏమున్నా చేతులు ఆగకుండా ఆ తరువాతి పాట కూడా నిండుగా వాయించారు. నాకు ఆ ఒక్క పాట చాలు, వీరిని గౌరవించడానికి.

అన్ని గ్లామ్ బృందాలూ ఒకే స్థాయివని నేననను. టెలివిజన్‌లో కనబడడానికే పుట్టి, ఏడాదిలో వాడిపోయినవి ఉన్నాయి. వాటిని వదిలేయడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. సూజీ క్వాట్రో పాత వీడియో ఏదో చూసి, బేస్ గిటార్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. మనిషి పొట్టి, వేళ్లు చిన్నవి. మా అత్తగారు వీణ అంటున్నారు, మావారు కీబోర్డు అంటున్నారు. బేస్ మగపిల్లల వాయిద్యమని, ఒంటరిగా వాయిస్తే వినడానికి ఏమీ ఉండదని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?
— కోడంబాకం పాఠకురాలు

జవాబు: కొనిపెట్టండమ్మా. పదమూడేళ్ల పిల్ల ఇంతమంది మధ్య ఒక వాయిద్యాన్ని పేరు పెట్టి అడిగిందంటే, సాధన సగం అక్కడే మొదలైంది.

సూజీ క్వాట్రో అమెరికాలోని డెట్రాయిట్‌లో 1950లో పుట్టారు. పద్నాలుగేళ్ల వయసులో అక్కచెల్లెళ్లతో కలిసి బృందం పెట్టినప్పుడు తలా ఒక వాయిద్యం ఎంచుకోగా ఈమె వంతుకు బేస్ వచ్చింది. తండ్రి కూడా సంగీతకారుడే. ఆయన ఆమె చేతికి ఇచ్చినది 1957లో తయారైన ఫెండర్ ప్రెసిషన్ బేస్. ఆ వాయిద్యంలో మోగే తీగ పొడవు 34 అంగుళాలు, మెడ వెడల్పు కూడా ఎక్కువే. ఆమె మీ అమ్మాయిలాగే పొట్టి మనిషి. పెద్ద బేస్ మీదే చేయి కుదుర్చుకున్నారు. నిర్మాత మికీ మోస్ట్ ఆమెను లండన్‌కు పిలిపించుకున్నాక, 1973లో ‘క్యాన్ ది క్యాన్’, 1974లో ‘డెవిల్ గేట్ డ్రైవ్’ ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్లాయి.

ఇక్కడ మీ అత్తగారికి అర్థమయ్యేలా ఒక మాట చెప్పండి. బుర్రకథలో నడుమ కథకుడు, చెరో పక్క వంతలు ఉంటారు. రాక్ బృందంలో బేస్ వాయించేవారిని చాలాకాలం వంతలలో ఒకరిగానే చూశారు. ఆ వంత నడిమి స్థానంలోకి వచ్చి, డక్కీ చేతిలోంచి దించకుండానే కథంతా తానే చెప్పడం మొదలుపెడితే ఎలా ఉంటుందో, తోలు దుస్తులలో మైకు ముందు నిలబడి బేస్ వాయిస్తూ పాడిన సూజీని చూసినప్పుడు జనానికి అలా ఉంది. అందులో కష్టం కూడా ఉంది. గిటార్ మీటుతూ పాడడం ఒక ఎత్తు. గొంతు ఒక తాళపు గతిలో, చేయి వేరొక గతిలో నడిచే బేస్ వాయిస్తూ పాడడం మరొక ఎత్తు.

మగపిల్లల వాయిద్యమన్న మాటకు ఆధారం లేదు. లాస్ ఏంజిలిస్‌లో 1960లలో లెక్కలేనన్ని రికార్డింగులకు బేస్ వాయించిన కరోల్ కే స్త్రీ. మన ముంబైకి చెందిన మోహినీ దే చిన్ననాడే తండ్రి దగ్గర నేర్చుకుని, ఏ.ఆర్. రహ్మాన్ కచేరీలలో వాయించి, ప్రపంచమంతా తిరుగుతున్నారు.

వేళ్ల సంగతికి వస్తే, 30 అంగుళాల తీగ పొడవు ఉన్న చిన్న బేస్‌లు దొరుకుతాయి. కొనేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకువెళ్లి, కూర్చోబెట్టి, మొదటి మెట్టు మీద చూపుడు వేలు ఆనించమనండి. భుజం పైకి లేవకుండా, మోచేయి చాచుకోకుండా చేయి అక్కడికి చేరితే ఆ కొలత సరిపోతుంది. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ వంటి పాత దుకాణాలలో ఇలా చేతికిచ్చి చూడనిస్తారు. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనడం కన్నా అది మేలు. కింది మెట్ల దగ్గర నాలుగు వేళ్లనూ నాలుగు మెట్ల మీద సాగదీయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు మూడింటితో మూడు మెట్లు పట్టుకోవడం నిలువెత్తు వయొలిన్ లాంటి డబుల్ బేస్ వాయించేవారి పాత పద్ధతి. చిన్న చేతులకు అది నొప్పి లేని దారి. వేలిని మెట్టు మీద కాక, మెట్టుకు కొద్దిగా వెనుక ఆనించాలి. వీణ నేర్చినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు కాబట్టి, మీ అత్తగారికి వీణ వస్తే ఆవిడనే పక్కన కూర్చోమనండి.

ఒంటరిగా వాయిస్తే వినడానికేమీ ఉండదన్నది మాత్రం కొంతవరకు నిజమే. అందుకే మొదటి రోజు నుంచే పాటతో కలిపి వాయించనివ్వండి. దాని కోసం ఇంగ్లీషు పాటలే అక్కరలేదు. మీరుండే కోడంబాకం చుట్టుపక్కల స్టూడియోలలో రికార్డయిన ఇళయరాజా పాటలలో శశిధరన్ వాయించిన బేస్‌ను విడిగా పట్టుకోవడం నేర్చుకుంటే, ఆమె చెవికి అంతకన్నా మంచి గురువు దొరకదు. ఆ బేస్ పాటకు కింద ఉండి పాడే రెండో పాట.

ప్రశ్న: ‘వాక్ ఆన్ ది వైల్డ్ సైడ్’ మొదట్లో వినిపించే ఆ జారుడు ఒక బేస్ వాయించినదా, రెండా? మా మిత్రుల మధ్య పందెం నడుస్తోంది.
— అంబత్తూరు పాఠకులు

జవాబు: రెండు అన్నవారు గెలిచారు. వాయించిన మనిషి మాత్రం ఒక్కరే, హెర్బీ ఫ్లవర్స్. ఆ పాట పాడిన లూ రీడ్ అమెరికా గాయకుడైనా, అది ఉన్న 1972 నాటి ఆల్బమ్‌ను లండన్‌లో నిర్మించినవారు డేవిడ్ బోవీ, మిక్ రాన్సన్ కనుక అది గ్లామ్ ఇంటి పాటే. ఫ్లవర్స్ ముందు నిలువెత్తు డబుల్ బేస్ మీద ఒక వరుస వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్‌తో మరొక వరుసను చేర్చారు. మన స్వరాలలో చెప్పాలంటే, పాట ఆధార స్వరాన్ని షడ్జంగా తీసుకోండి. డబుల్ బేస్ షడ్జం నుంచి మధ్యమానికి జారుతుంది. అదే క్షణంలో ఎలక్ట్రిక్ బేస్ పై స్థాయి గాంధారం నుంచి ధైవతానికి జారుతుంది. తిరిగి రెండూ కలిసి కిందికి దిగుతాయి. మన గమకాలలో జారు అని మనం పిలిచేది ఇదే. ఒక స్థాయి, ఆపైన గాంధారమంత ఎడంతో రెండు జారులు ఒకేసారి నడవడం వల్లే ఆ పాట మొదలు కాగానే నేల మెల్లగా వాలినట్టు అనిపిస్తుంది.

రెండో వాయిద్యం వాయిస్తే అదనంగా రుసుము వస్తుంది కనుక ఆ ఆలోచన చేశానని ఆయనే చెప్పుకున్నారు. కారణం ఏదైనా, చెవి లేనివాడికి ఆ గాంధారం తోచదు. బోలన్ చివరి రోజులలో టి. రెక్స్‌లో కూడా వాయించిన ఫ్లవర్స్ 2024లో మరణించారు.

ప్రశ్న: మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటాను. ఆంప్ (బేస్ ధ్వనిని పెంచే పెట్టె) ఎంత తగ్గించి పెట్టినా కింది ఇంటివారికి నా బేస్ వినబడుతోందట. పాట వినబడదు, గుబగుబ మాత్రమే వస్తోందని ఫిర్యాదు. వారి మాట నిజమేనా?
— నంగనల్లూరు పాఠకులు

జవాబు: నిజమే. లావు తీగ ధ్వని తరంగం పొడవు సుమారు 27 అడుగులు. మీ హాలు కన్నా అది పెద్దది. గోడలు, స్లాబు దాన్ని ఆపలేవు. ఆంప్‌ను నేల మీంచి ఎత్తి మందమైన నురుగు దిమ్మ మీద పెడితే స్లాబులోకి దిగే కదలిక కొంత తగ్గుతుంది. సాధనకు మాత్రం హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి కొనుక్కోండి. ఆదివారం పగలు ఒక గంట, వారితో ముందే చెప్పి, స్పీకరులో వాయించుకోండి.

ప్రశ్న: 1977లో నలుగురం కలిసి డబ్బులు వేసుకుని కలకత్తాలో తయారైన ఒక బేస్ గిటార్ కొన్నాం. స్లేడ్, స్వీట్ పాటలు వాయించేవాళ్లం. ఐఐటీలో అప్పుడు మార్డి గ్రా అని పిలిచే ఉత్సవంలో ఒకసారి వేదిక ఎక్కాం. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. బేస్ మా ఇంటి గోడకు నలభై ఏళ్లుగా వేలాడుతోంది. సముద్రానికి దగ్గర ఇల్లు. తీగలు తుప్పు పట్టి ఎర్రగా అయ్యాయి, మెడ కొంచెం వంగినట్టుంది. దీన్ని మళ్లీ వాయించవచ్చా?
— తిరువొత్తియూరు పాఠకులు

జవాబు: వాయించవచ్చుననే నమ్మకంతోనే మొదలుపెట్టండి. కాని మొదట చేయవలసిన పని, చేయకూడనిదాన్ని చేయకపోవడం. ఆ తీగలను శ్రుతికి బిగించవద్దు. నాలుగు తీగలు కలిసి మెడను లాగే బలం చాలా ఎక్కువ. నలభై ఏళ్లు ఉప్పు గాలి పీల్చిన కొయ్య దాన్ని ఒక్కసారిగా తట్టుకోలేదు.

ఇది నా అనుభవం మీద చెబుతున్నాను. నేను మొదట కొన్న పాత బేస్‌కు మెడ వంగి ఉంటే ఒక మరమ్మతు దుకాణానికి ఇచ్చాను. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. దాని కొసనున్న నట్టును తిప్పితే తీగల లాగుడుకు ఎదురుగా మెడ నిటారవుతుంది. అక్కడ పనిచేసే అబ్బాయి నా కళ్లెదుటే, నట్టు తిరగడం లేదని పట్టుకారుతో బలంగా తిప్పాడు. లోపల కట్టె విరిగినట్టు టక్కుమని చిన్న చప్పుడైంది. నట్టు అతని చేతిలోకి ఊడి వచ్చేసింది. కడ్డీ తెగిపోయింది. ఆ మెడ మళ్లీ నిటారు కాలేదు, ఆ బేస్ మళ్లీ పలకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత తీగలను కొంచెం కొంచెంగా, నాలుగింటినీ సమానంగా వదులు చేసి తీసేయండి. మెడను కంటికి దగ్గరగా పెట్టుకుని, కొస నుంచి తుపాకీ గురి చూసినట్టు చూడండి. వంపు విల్లులా ఒకే దిక్కుకు ఉంటే బాగు చేయవచ్చు. తిప్పి పిండిన తువ్వాలులా మెలిక పడి ఉంటే కష్టం. మీ బేస్‌కు ట్రస్ రాడ్ నట్టు ఉందో లేదో చూడండి, అన్ని పాత వాయిద్యాలకూ అది ఉండదు. ఉంటే దాని మీద ఒక చుక్క నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పవద్దు. తిప్పాక ఒక రోజు ఆగండి. కదలకపోతే అక్కడితో ఆపి, తీగ వాయిద్యాలు చేసే మనిషికి చూపించండి. కొత్త తీగలు వేశాక లావు తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో మెట్టుకూ తీగకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మెడ కుదిరినట్టే.

మెట్ల మీది తుప్పును, నడుమనున్న కొయ్యకు టేపు అంటించి, అతి సన్నని ఉక్కు పీచుతో రుద్దితే పోతుంది. తీగల కంపనాన్ని పట్టే పికప్ అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ మాత్రమే కనుక బతికే ఉండవచ్చు. గుండీలు తిప్పినప్పుడు బరబరమంటే భయపడకండి. రిచీ స్ట్రీట్‌లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

తీగలు మీకు ఫ్లాట్‌వౌండ్ అనేవి సూచిస్తాను. వాటి పై చుట్టు బల్లపరుపుగా ఉంటుంది. చెమట, ఉప్పు పట్టి ఉండే సందులు తక్కువ, పాత మెడకు మెత్తని స్పర్శ. స్లేడ్ పాటలలోని గరుకుదనం కావాలంటే రౌండ్‌వౌండ్ వేసుకోండి, కాని మీ వీధిలో అవి తొందరగా మూగబోతాయి. అప్పుడు పారేయకుండా, విప్పి చుట్టగా చుట్టి, గిన్నెలో నీళ్లు మరిగించి పది నిమిషాలు ఉంచి, పొడి బట్టతో తుడిచి ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసుకుంటే కొన్ని వారాలు కొత్తగా మోగుతాయి. గిన్నె అడుగున చేరే నల్లటి మురికి చూస్తే ఇంట్లోవారు ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడనివ్వరు, కనుక దానికొక పాతది కేటాయించండి. వాయించిన ప్రతిసారీ తీగలు తుడిచి, పడకగదిలో బీరువా పక్కన నిలబెట్టండి. సముద్రం వైపు గోడకు మళ్లీ వేలాడదీయవద్దు.

కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగుతూ, శ్రుతి దిగుతూనే ఉంటాయి. ఆ మూడు రోజులూ ఆంప్ తగిలించకుండా, బేస్ ఒంటిని ఛాతీకి ఆనించి, లావు తీగను ఒక్కటే మెల్లగా మీటుతూ సరిచేసుకుంటూ ఉండండి. మీ ఉత్తరంలో మిగిలిన ఇద్దరిలో రెండోవారు తాంబరంలో ఉన్నారని రాశారు. నాలుగో రోజున ఆయనను పిలవండి.